కూలిన వేప నిలబెట్టిన ఉద్యోగం

బాపట్ల జిల్లాలో కర్లపాలెం దాటి సముద్రం వైపు వెళితే వచ్చే ఒక చిన్న పల్లె అది. అక్కడి ఒక పెంకుటింటి వసారాలో వేపచెక్కతో చేసిన కంప్యూటర్ బల్ల ఉంది. పొడవు నాలుగడుగులు, వెడల్పు రెండడుగులు. మామూలు బల్లల పక్కన పెడితే కాస్త పొట్టిగా కనిపిస్తుంది. ‘ఇదేంటి, బడిపిల్లల బల్లలా ఉంది’ అని ఇంటికొచ్చిన చుట్టాలు అడుగుతుంటారు. ఇంటి ఇల్లాలు నవ్వి ఊరుకుంటారు. బల్ల ఆ ఎత్తున ఉండబట్టే అమ్మాయి ఇంటిపట్టున ఉండగలిగిందని ఆమెకు తెలుసు.

ఆ అమ్మాయి హైదరాబాదులో ఒక కంప్యూటర్ సంస్థలో ఉద్యోగి. 2020 మార్చి 25 నుంచి దేశమంతటా లాక్‌డౌన్ విధించినప్పుడు ఆమె కూడా వేలాది మందిలాగే పెట్టె సర్దుకుని సొంతూరు చేరింది. నాలుగు వారాలో, ఆరు వారాలో అనుకున్నది ఏళ్లకు సాగింది. తరువాత కూడా సంస్థ ఇంటి నుంచే పని చేయడానికి ఒప్పుకుంది. తల్లికి మోకాళ్ల నొప్పులు. తండ్రికి పొలం పని. తమ్ముడి చదువు ఇంకా ముగియలేదు. అమ్మాయి ఇంట్లో ఉంటే అందరికీ ధైర్యంగా ఉండేది. హాస్టల్ ఖర్చు కూడా తప్పింది.

మొదట్లో ఆమె నులకమంచం మీద కూర్చుని, ఒళ్లో తలగడ పెట్టుకుని పని చేసేది. ఏడాది తిరిగేసరికి మెడ పట్టేసింది. అప్పుడు పట్నం నుంచి రెడీమేడ్ బల్ల తెప్పించారు. నున్నగా, అద్దంలా మెరిసే బల్ల. దాని మీద పని మొదలుపెట్టిన కొద్ది నెలలకు మెడ నొప్పి కాస్తా భుజాలకు దిగింది. రాత్రిళ్లు చేయి తిమ్మిరెక్కి మెలకువ వచ్చేది. డాక్టరు మాత్రలు రాసి, కూర్చునే తీరు మార్చుకోమన్నారు. ఎలా మార్చుకోవాలో ఎవరికీ తెలియలేదు. ఇంటి నుంచి పని తనవల్ల కాదని, మళ్లీ హైదరాబాదు హాస్టల్‌కు వెళ్లిపోతానని అమ్మాయి ఒక రోజు తేల్చి చెప్పింది.

ఉబ్బిన రంపపు పొట్టు

బల్ల సంగతి వానాకాలంలో బయటపడింది. పెంకుల సందు నుంచి కారిన నీరు రెండు రాత్రులు దాని అంచు మీద పడింది. పైన మెరిసే పొర అలాగే ఉంది కానీ, లోపలి చెక్క అటుకుల్లా ఉబ్బిపోయింది. కాలు బిగించిన స్క్రూలు చేత్తో లాగితే ఊడి వచ్చాయి. అది అసలు చెక్క కాదు. చెక్క పొట్టును, ముక్కలను జిగురుతో కలిపి అదిమి తయారుచేసిన పార్టికల్ బోర్డు. పొడిగా ఉన్నంత కాలం దానికి ఢోకా లేదు. మిద్దె ఇళ్లలో, నగరాల్లో అది చాలామందికి సరిపోతుంది. నీరు తగిలితే మాత్రం ఉబ్బుతుంది. ఒకసారి ఉబ్బితే మళ్లీ మామూలు స్థితికి రాదు. స్క్రూ ఊడిన చోట మళ్లీ స్క్రూ పట్టదు. సముద్రపు గాలి, కారే పెంకులు ఉన్న ఇంటికి అది తగిన సరుకు కాదు.

ఆ ఇంటి పెరట్లో అప్పటికే కలప సిద్ధంగా ఉంది. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుపాను బాపట్ల సమీపంలో తీరం దాటినప్పుడు ఆ పెరట్లోని వేపచెట్టు వేళ్లతో సహా పక్కకు ఒరిగిపోయింది. 1977 నవంబరు ఉప్పెననాటికే అది మాను కట్టిన చెట్టు. 1990 మే తుపానును కూడా తట్టుకుని నిలిచింది. ఇంటి పెద్దాయన చిన్నతనంలో నాటిన చెట్టని నానమ్మ చెబుతారు. ఆయన ఇప్పుడు లేరు.

చెట్టు కూలిన మూడో రోజున ఇటుక బట్టీలకు కట్టెలు తోలే వ్యాపారి వచ్చి బేరం పెట్టాడు. దారికి అడ్డం తొలగిపోతుందని తండ్రి ఒప్పుకోబోయారు. నానమ్మ మాత్రం ఒప్పుకోలేదు. ‘కొమ్మలు ఇచ్చేయండి. మాను మాత్రం ఇంట్లోనే ఉండాలి. ఆచారి గారిని పిలిపించండి’ అన్నారు.

దుంగ లెక్క

ఊరి వడ్రంగికి అరవై ఆరేళ్లు. ఆయన వచ్చి దుంగ చుట్టూ తాడు వేసి కొలిచారు. చుట్టుకొలత 5 అడుగులు. వంకర లేని భాగం పొడవు 8 అడుగులు. ఆయన వేసిన లెక్క అడితీల్లో పాతకాలం నుంచి ఉన్నదే. చుట్టుకొలతను నాలుగో వంతు చేయాలి. వచ్చిన దాన్ని దానితోనే హెచ్చవేసి, తిరిగి పొడవుతో హెచ్చవేయాలి. ఒకటింబావు ఇంటు ఒకటింబావు ఇంటు ఎనిమిది. పన్నెండున్నర ఘనపుటడుగులు. బెరడు, తెల్లచెక్క, కోత తరుగు పోను అందులో సగమైనా పనికొచ్చే చేవ దొరుకుతుందని ఆయన చెప్పారు. బల్లకు కావలసింది, తరుగు కలుపుకున్నా, రెండున్నర ఘనపుటడుగులు. కట్టెల కింద పోవలసిన మాను విలువ అప్పుడు ఇంట్లోవారికి అర్థమైంది.

దుంగను ట్రాక్టరు మీద కోత మిల్లుకు పంపారు. బల్ల పైభాగానికి ఒకటింబావు అంగుళం మందాన పలకలు, కాళ్లకు మూడంగుళాల చదరపు పట్టెలు కోయించారు. చిత్రిక పట్టాక పలక అంగుళానికి, కాలు రెండున్నర అంగుళాలకు దిగుతాయి. ఆ తరుగును ముందే చూసుకోకపోతే చివరికి పలుచని బల్ల మిగులుతుంది.

కోసిన చెక్కను వెంటనే పనికి వాడకూడదు. పచ్చి చెక్కతో చేసిన బల్ల ఎండాకాలంలో కీళ్ల దగ్గర విడిపోతుంది, పలకలు మెలి తిరుగుతాయి. నీడలో గాలికి ఆరబెట్టేటప్పుడు అంగుళం మందానికి ఏడాది అన్నది వడ్రంగుల పాత లెక్క. పశువుల కొట్టంలో నేలకు అడుగు ఎత్తున దిమ్మెలు పేర్చి, పలకల మధ్య ఒకే మందం ఉన్న పుల్లలు అడ్డంగా పెట్టి దొంతి వేశారు. పుల్లలన్నీ ఒకదాని మీద ఒకటి నిలువుగా ఒకే వరసలో ఉండాలి. పుల్ల తప్పిన చోట పలక వంగుతుంది. పలకల చివరలకు పేడ మెత్తారు. చెక్కలోని తేమ చివరల నుంచే త్వరగా పోతుంది. అక్కడ త్వరగా ఆరితే పగుళ్లు వస్తాయి. దొంతి పైన రెండు పాత తిరగలి రాళ్లు బరువు పెట్టారు.

రెండు సంక్రాంతులు వెళ్లాయి. రెడీమేడ్ బల్ల ఉబ్బిపోయింది, అమ్మాయి భుజాలు నొప్పెట్టాయి, హాస్టల్ మాట వచ్చింది. 2025 ఫిబ్రవరిలో ఆచారి గారికి మళ్లీ కబురు వెళ్లింది.

‘బల్ల నీకా, అమ్మాయికా?’

పని మొదలుపెట్టే రోజున తండ్రికి, ఆచారి గారికి చిన్న వాదన జరిగింది. బల్ల అంటే ముప్పై అంగుళాల ఎత్తు ఉండాలని, రెండు సొరుగులు, పైన అద్దం ఉంటే నిండుగా ఉంటుందని తండ్రి అన్నారు. రెడీమేడ్ బల్ల ఎత్తు కూడా అంతే.

‘బల్ల నీకా, అమ్మాయికా?’ అని అడిగారు ఆచారి గారు.

అమ్మాయిని పిలిచి రోజూ కూర్చునే ప్లాస్టిక్ కుర్చీలోనే కూర్చోమన్నారు. వీపు ఆనించి, భుజాలు బిగపట్టకుండా వదిలేసి, మోచేతిని పక్కటెముకలకు ఆనించి ముంజేతిని నేలకు సమంగా చాపమన్నారు. నేల నుంచి మోచేతి కింది వరకు టేపు పట్టారు. సరిగ్గా 26 అంగుళాలు వచ్చింది.

‘చూశావా? నీ పిల్ల రోజుకు ఎనిమిది గంటలు చేతుల్ని నాలుగంగుళాలు ఎత్తి పెట్టుకుని కూర్చుంటోంది. బిందె నెత్తిన పెట్టుకున్నా ఇంటికొచ్చి దించుతారు. ఈ పిల్లకు దించే వీలు లేదు’ అన్నారాయన.

‘దిండు వేసుకుని కూడా చూశాను పెదనాన్నా. కాళ్లు నేలకు అందక తొడలు తిమ్మిరెక్కాయి’ అంది అమ్మాయి.

అసలు కిటుకు ఇక్కడే ఉంది. ఆఫీసుల్లో కుర్చీని పైకీ కిందికీ జరుపుకునే వీలుంటుంది. ముప్పై అంగుళాల బల్ల ఉన్నా అక్కడ కుర్చీని లేపుకుని సరిపెట్టుకుంటారు. ఇళ్లలో ఉండే ప్లాస్టిక్ కుర్చీకి, కొయ్య కుర్చీకి ఆ వీలు లేదు. కుర్చీ కదలనప్పుడు బల్లే మనిషికి తగ్గట్టు దిగి రావాలి. రాతబల్ల ఎత్తు వేరు, మీటలు నొక్కే బల్ల ఎత్తు వేరు అన్న సంగతి చాలామంది పట్టించుకోరు.

ఎత్తు 26 అంగుళాలని తేలాక మరో చిక్కు వచ్చింది. ప్లాస్టిక్ కుర్చీ ఎత్తు 17 అంగుళాలు. బల్ల పలక మందం ఒక అంగుళం. దాని కింద మామూలుగా వేసే మూడంగుళాల నిలువు పట్టె వేస్తే తొడలకు మిగిలేది ఐదే అంగుళాలు. కాళ్లు దూరవు. అందుకని ముందువైపు పట్టెను నిలువుగా కాకుండా అడ్డంగా పరిచి బిగించారు. అంగుళం మందంతోనే పని జరిగింది. ఏడంగుళాల చోటు మిగిలింది. సొరుగులు కూడా అందుకే మానేశారు. తండ్రి కోరిన సొరుగుల బదులు గోడకు ఒక చిన్న అర కొట్టారు.

నాలుగు రోజుల పని

మొదటి రోజంతా చిత్రికకే సరిపోయింది. వేప చేవలో నార అటూ ఇటూ అల్లుకుని ఉంటుంది. ఒకవైపు నున్నగా వచ్చిన పలక రెండోవైపు పెళ్లలు లేస్తుంది. చిత్రిక ఉలిని పదేపదే సానబట్టి, కొంచెం కొంచెంగా తీయాలి. పొట్టు ముక్కులోకి పోతే గొంతు మండుతుంది. ఆచారి గారు ముక్కుకు తువ్వాలు చుట్టుకునే పని చేశారు. తెల్లచెక్క ఎక్కడ కనిపించినా కోసి పారేశారు. పురుగు ముందుగా పట్టేది దానికే. వేపకు చెద త్వరగా పట్టదన్న మాట నిజమే అయినా, అసలే పట్టదనుకోవడం పొరపాటని ఆయన హెచ్చరించారు.

రెండడుగుల వెడల్పు పలక ఒక్క చెక్కలో దొరకదు. ఎనిమిదేసి అంగుళాల పలకలు మూడింటిని అంచులు కలిపి జిగురుతో అతికారు. మొదటి పలకలో మాను గుండెవైపు పైకి పెడితే, రెండో దానిలో కిందికి, మూడో దానిలో మళ్లీ పైకి. మూడూ ఒకే తీరున ఉంటే వాన తేమకు బల్లంతా ఒకే వైపు దోసిలిలా వంగుతుంది. ఇలా మార్చి పెడితే ఒకదాని వంపును మరొకటి సరిచేస్తుంది.

రెండో రోజు, మూడో రోజు కాళ్లు, పట్టెలు. కాలికి బెజ్జం తొలిచి, పట్టె చివర కుసి చెక్కి, ఒకదానిలో ఒకటి దిగగొట్టారు. కీలు వదులుగా ఉంటే బల్ల ఊగుతుంది. మరీ బిగువుగా ఉంటే కాలు పగులుతుంది. కొయ్య సుత్తితో కొడుతూ ఆ శబ్దాన్ని బట్టే ఎంత దిగిందో ఆయన చెప్పగలరు. పైపలకను మాత్రం జిగురుతో అతకలేదు. కింద నుంచి స్క్రూలతో బిగించారు. ఆ స్క్రూల బెజ్జాలను గుండ్రంగా కాకుండా కోలగా తొలిచారు. చెక్క వానాకాలంలో అడ్డంగా సాగుతుంది, ఎండాకాలంలో కుదించుకుపోతుంది. కదిలే వీలు ఇవ్వకపోతే పలకే చీలుతుంది.

నాలుగో రోజు బల్లను వసారాలో నిలబెడితే ఊగింది. తండ్రి ముఖం వాడిపోయింది. ఆచారి గారు పళ్లెంలో నీళ్లు పోసి నేల మీద పెట్టి చూపించారు. వానజల్లు బయటికి పోయేందుకు వసారా నేలను ఏనాడో వాటంగా చేశారు. తప్పు బల్లది కాదు, నేలది. బల్ల ఉండవలసిన చోటనే ఉంచి, పలక సమంగా వచ్చేదాకా గోడవైపు కాళ్లను కొద్దిగా కోశారు. తరువాత ఉప్పుకాగితం పట్టి, వార్నిష్ రెండు చేతులు వేశారు. పలకకు పైనా కిందా కూడా వేశారు. పైన మాత్రమే వేస్తే కింది నుంచి తేమ పీల్చుకుంటుంది. కాళ్ల అడుగు భాగాలకు అందరికన్నా ఎక్కువగా వార్నిష్ తాగించారు. నేల తడి మొదట ఎక్కేది అక్కడి నుంచే.

వెనుక అంచున తీగెల కోసం రెండంగుళాల బెజ్జం పెట్టారు. ల్యాప్‌టాప్‌ను ఎత్తులో ఉంచే చిన్న చెక్క పీఠం ఒకటి చేశారు. తెర పై అంచు కంటికి సమంగా, చేయి చాపితే అందేంత దూరంలో ఉండాలి. అప్పుడు మెడ వంగదు. మీటల పలక విడిగా కొనుక్కుని బల్ల మీద పెట్టుకుంది అమ్మాయి. కిటికీ వెలుతురు తెర మీద పడకుండా బల్లను కిటికీకి పక్కవాటుగా వేశారు. కరెంటు పనివాడు వచ్చి మూడు కాళ్ల ప్లగ్గుకు ఎర్త్ తీగె కలిపాడు. అంతకు ముందు ల్యాప్‌టాప్ తాకితే సన్నగా జివ్వుమనేది. ఎర్త్ లేని ఇళ్లలో ఇది మామూలే. దాన్ని తేలిగ్గా తీసుకోకూడదు.

ఖర్చు మాట చూస్తే, కోత కూలి, నాలుగు రోజుల పని, జిగురు, స్క్రూలు, వార్నిష్ కలిపి రెడీమేడ్ బల్ల ధరకు దాదాపు రెట్టింపు అయింది. కలప సొంతం కాబట్టి ఆ మాత్రంతో సరిపోయింది. కలప కొనవలసి వస్తే ఇంకా పెరుగుతుంది. అంత పెట్టలేనివారు ఉన్న బల్లతోనే సర్దుకునే దారి ఒకటి ఆచారి గారు చెప్పారు. బల్ల ఎత్తు ఎక్కువగా ఉంటే కుర్చీ మీద గట్టి పలక, దాని మీద పలుచని పరుపు వేసి మోచేయి బల్లకు సమంగా వచ్చేలా కూర్చోవాలి. పాదాలు వేలాడకుండా కింద పీట వేసుకోవాలి. అమ్మాయి దిండు వేసుకున్నప్పుడు మరిచిపోయింది ఆ పీటనే. బల్ల ఎంత సరిగా ఉన్నా అరగంటకోసారి లేచి నాలుగడుగులు వేయడం మాత్రం మానకూడదు.

బల్ల కోసం నిలిచి ఉన్న చెట్టును కొట్టదలచినవారు మరో సంగతి గుర్తుంచుకోవాలి. 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం చెట్టు నరకడానికి అనుమతి కావాలి. సొంత పెరట్లోని చెట్టయినా ముందుగా అధికారులను అడిగి తెలుసుకోవడం మంచిది.

మేర పోయింది, కొలత మిగిలింది

ఆచారి గారి తండ్రి కాలంలో వడ్రంగికి కూలి డబ్బు ఉండేది కాదు. ఏడాది పొడవునా నాగళ్లు, కాడిమాన్లు, బండి చక్రాలు బాగుచేస్తే నూర్పిళ్ల వేళ కళ్లంలో ధాన్యం కొలిచి ఇచ్చేవారు. దాన్ని మేర అనేవారు. ట్రాక్టర్లు వచ్చి నాగళ్లు మూలపడ్డాయి, మేర ఆగిపోయింది. కొన్నాళ్లు తలుపులు, కిటికీలు అన్నం పెట్టాయి. ఇప్పుడు అవి కూడా రెడీమేడ్‌గా వస్తున్నాయి. ఆయన ఇద్దరు కొడుకులూ వేరే పనులు చూసుకున్నారు. బాడిస, ఉలి పట్టేవారు ఆ ఊళ్లో ఆయన తరువాత ఎవరూ లేరు.

అయితే బల్ల కట్టిన నెల తిరిగేసరికి పక్క ఊరి నుంచి ఇద్దరు ఆయన్ను వెతుక్కుంటూ వచ్చారు. ఒకరి కొడుకు ఇంటి నుంచే ఉద్యోగం చేస్తున్నాడు. మరొకరి కూతురు పోటీ పరీక్షలకు కంప్యూటర్ ముందు కూర్చుని చదువుతోంది. ఇద్దరూ ముందుగా ధర అడిగారు. ఆయన మాత్రం ఒకటే మాట చెప్పారట. ‘ధర తరువాత చూద్దాం. బల్ల ముందు కూర్చునేవాళ్లను, వాళ్ల కుర్చీని తీసుకురండి.’

అమ్మాయి హాస్టల్ మాట మళ్లీ ఎత్తలేదు. భుజం నొప్పి ఒక్క రోజులో పోలేదు. మూడు నెలలు పట్టింది. ఇప్పుడు రాత్రిళ్లు మెలకువ రావడం లేదని ఆమె చెబుతోంది. తమ్ముడు సెలవులకు వచ్చినప్పుడు సాయంత్రాలు ఆ బల్ల మీదే చదువుకుంటాడు.

దుంగలో ఇంకా కొంత చెక్క మిగిలింది. అందులో ఒక ముక్కతో ఆచారి గారు కూలి తీసుకోకుండా రెండంగుళాల ఎత్తు పీట చేసి ఇచ్చారు. అమ్మాయి పని చేసుకునేటప్పుడు పాదాలు ఆనించుకోవడానికని ఆయన చేశారు. పగలంతా అది బల్ల కిందే ఉంటుంది. సాయంత్రం పని ముగిశాక నానమ్మ దాన్ని వాకిట్లో వేసుకుని, వేపచెట్టు ఉండిన చోటికి ఎదురుగా కూర్చుంటారు.